‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ ముగిసింది, పాత్రలు ఐదో లెవెల్‌లో ఉన్నాయి: తరువాత ఏ అడ్వెంచర్ కొనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పాత్రలు ధరించి కథను ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ అనే అడ్వెంచర్‌ను, అంటే ఆటకు కథను అందించే పుస్తకాన్ని, మా బృందం ఇటీవలే పూర్తి చేసింది. వేవ్ ఎకో గుహలో ప్రధాన శత్రువు నెజ్నార్ ఓడిపోయాడు, ఫాండాలిన్ ఊరికి ప్రశాంతత వచ్చింది, పాత్రలన్నీ ఐదో లెవెల్‌కు (శక్తి స్థాయికి) చేరాయి. ఇప్పుడు ఒక్క పుస్తకం కొనగలను. దిగుమతి పుస్తకాల ధరలు మీకు తెలియనివి కావు కనుక, కొన్న తరువాత అది మా బృందానికి సరిపడలేదని తేలితే వెంటనే మరొకటి కొనడం నాకు సాధ్యపడదు.

ముందుగా మా ఆట ఎలా సాగుతుందో చెబుతాను. డీఎంగా, అంటే డంజన్ మాస్టర్‌గా, కథ చెబుతూ ఆట నడిపేది నేనే. ముగ్గురు ఆటగాళ్ళు హైదరాబాద్‌లో మా ఇంట్లోనే కూర్చుంటారు, నాలుగో మిత్రుడు డల్లాస్ నుంచి వీడియోలో చేరతాడు. మాకు శనివారం రాత్రి అయ్యేసరికి అతనికి ఉదయం అవుతుంది కనుక సెషన్ మూడు గంటలకు మించి సాగదు. ఆట మొత్తం తెలుగులోనే నడుస్తుంది. ఆటగాళ్ళకు చదివి వినిపించమని పుస్తకంలో ఇచ్చిన వర్ణనలను నేను ముందే చదువుకుని, నా మాటల్లో చెబుతాను. ఉద్యోగం వల్ల వారం మధ్యలో ఆట సిద్ధం చేసుకోవడానికి నాకు దొరికేది ఒకటి రెండు సాయంత్రాలే.

మా వాళ్ళకు బాగా నచ్చినవి ఊరి మనుషులతో జరిగిన సంభాషణలు, రెడ్‌బ్రాండ్ ముఠాను ఫాండాలిన్ నుంచి వెళ్ళగొట్టడం, థండర్‌ట్రీలో వెనమ్‌ఫాంగ్ అనే ఆకుపచ్చ డ్రాగన్‌తో బేరమాడి ప్రాణాలతో బయటపడటం. చివరి గుహలో మాత్రం గది తరువాత గది చూసుకుంటూ పోవడం ముగ్గురికి విసుగు తెప్పించింది. డల్లాస్ మిత్రుడికి పోరాటమంటే ఇష్టం కనుక అతనికే ఆ భాగం నచ్చింది. ఇవే పాత్రలతో కొనసాగాలని అందరికీ ఉంది, అయితే కథ నిజంగా గొప్పదైతే కొత్త పాత్రలకు కూడా ఒప్పుకుంటామన్నారు.

నా పరిశీలనలో ఉన్నవి నాలుగు: ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’, ‘టూంబ్ ఆఫ్ యానిహిలేషన్’, ‘స్టార్మ్ కింగ్స్ థండర్’, ‘ఫాండెల్వర్ అండ్ బిలో’. అన్నిచోట్లా మొదటిదాన్నే ఎక్కువగా పొగుడుతున్నారు. వీటిని స్వయంగా నడిపినవారు దయచేసి సలహా ఇవ్వగలరు. కథా రహస్యాలు చెప్పినా పరవాలేదు, మా ఆటగాళ్ళను ఈ పేజీ చదవవద్దని ముందే కోరాను.

మొదటి సమాధానం

మీరు ఇచ్చిన వివరాలను బట్టి నా సలహా ‘స్టార్మ్ కింగ్స్ థండర్’. పుస్తకం ఎంత ప్రసిద్ధమన్నది పక్కనపెట్టి, మీ పాత్రలు ఇప్పుడు నిలబడి ఉన్న చోటినుంచి చూడండి. ప్రచురితమైన పెద్ద అడ్వెంచర్లలో చాలా భాగం ఒకటో లెవెల్‌లో మొదలవుతాయి. ఐదో లెవెల్ పాత్రలున్న బృందం వాటిని కొంటే, తొలి అధ్యాయాలను వదిలేయడమో, శత్రువులందరినీ బలపరచుకుంటూ పోవడమో తప్పదు. 2016లో వచ్చిన ఈ పుస్తకంలో ఆ ఇబ్బంది లేదు. నైట్‌స్టోన్ అనే గ్రామంలో జరిగే మొదటి అధ్యాయం పాత్రలను ఒకటి నుంచి ఐదో లెవెల్‌కు వేగంగా చేర్చడానికే ఉద్దేశించినది కనుక, దాన్ని పూర్తిగా వదిలేసి రెండో అధ్యాయంతో మొదలుపెట్టినా కథకు లోటు రాదు.

రెండో అధ్యాయంలో బ్రిన్ షాండర్, గోల్డెన్‌ఫీల్డ్స్, ట్రైబోర్ అనే మూడు ఊళ్ళలో ఒకదాన్ని డీఎం ఎంచుకోవాలి, ఆ ఊరిపై రాక్షసకాయుల (జెయింట్ల) దాడి జరుగుతుంది. మీరు సందేహించకుండా ట్రైబోర్‌ను ఎంచుకోండి. మీ కథ మొదట్లో గాబ్లిన్లు మాటువేసిన దారి పేరే ట్రైబోర్ ట్రైల్, అంటే మీ ఆటగాళ్ళు ఆ పేరును మొదటి సెషన్‌నుంచీ వింటూనే ఉన్నారు. ఫాండాలిన్ నుంచి ఏదో ఒక పనిమీద వాళ్ళను ఆ ఊరికి పంపితే చాలు, రెండు పుస్తకాలు ఒకే కథగా అతుక్కుంటాయి.

ఆ దాడిలో ఒక ఏర్పాటు మీ బృందానికోసమే రాసినట్లుంటుంది. అగ్ని జాతి రాక్షసకాయులు, వాళ్ళ అనుచరులు ఊరిమీద పడినప్పుడు, ఒక్కో ఆటగాడు తన పాత్రతోపాటు ఊరివాళ్ళలో ఒకరిని కూడా నడుపుతాడు. ఆ ఊరివాళ్ళ వివరాలన్నీ పుస్తకంలోనే ఉంటాయి. ఊరి రక్షణాధికారి దరాత్రా షెండ్రెల్ వంటివారిని ఆటగాళ్ళు తమ చేతుల్లోకి తీసుకుని ఆ ఊరికోసం పోరాడిన తరువాత, బతికి బయటపడ్డవాళ్ళే ఒక్కొక్కరుగా తరువాతి పనులను అప్పగిస్తారు. పనిచెప్పే మనిషి ఎవరో తెలియని అపరిచితుడు కాకుండా, కిందటి వారం ఆటగాడు తన చేతులతో కాపాడిన మనిషి అవుతాడు. ఊరి మనుషులతో మాటలు ఇష్టపడే ముగ్గురికీ, పోరాటం ఇష్టపడే మీ డల్లాస్ మిత్రుడికీ ఒకే సెషన్‌లో చేతినిండా పని దొరికే సందర్భం ఇంతకంటే మంచిది నాకు ఈ నాలుగు పుస్తకాల్లో కనబడలేదు.

రెండవ సమాధానం

పై సలహాలో లెవెల్ గురించి చెప్పింది నిజమే, అయినా నేను దానితో ఏకీభవించలేను. ప్రశ్న అడిగినవారు తమకు దొరికేది వారానికి ఒకటి రెండు సాయంత్రాలే అని స్పష్టంగా రాశారు. ‘స్టార్మ్ కింగ్స్ థండర్’ మూడో అధ్యాయం ఉత్తర ప్రాంతంలోని ఊళ్ళను, కోటలను, అడవులను అక్షరక్రమంలో పేర్చిన సుదీర్ఘమైన పట్టిక. ఆటగాళ్ళు ఎటు వెళ్తారో, అక్కడ ఏం జరుగుతుందో చాలావరకు డీఎం తానే కల్పించుకోవాలి. అనుభవం, తీరిక రెండూ ఉన్నవారికి అది వరమే. తీరిక లేనివారికి మాత్రం ప్రతి శుక్రవారం రాత్రి ఒత్తిడి తప్పదు.

‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ అందుకు పూర్తిగా భిన్నం. ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసి 1983లో వచ్చిన ‘రావెన్‌లాఫ్ట్’ ఆధారంగా 2016లో ఆట ఐదో ఎడిషన్‌కు విస్తరించిన పుస్తకమిది. రక్తపిశాచి స్ట్రాడ్ పాలించే బరోవియా చుట్టూ పొగమంచు కమ్ముకుని ఉంటుంది, అతడు ఉన్నంతకాలం ఆటగాళ్ళు దాన్ని దాటి బయటకు పోలేరు. ఈ ఒక్క నియమం డీఎం పనిని ఎంత తేలిక చేస్తుందో నడిపితేగాని తెలియదు. ఆటగాళ్ళు ఎటు తిరిగినా పుస్తకంలో ఉన్న చోటికే చేరతారు. ఒకసారి పుస్తకం శ్రద్ధగా చదివితే నెలల తరబడి ఆ చదువే సరిపోతుంది.

పైగా మీ వాళ్ళకు మనుషులతో మాటలు ఇష్టమన్నారు. బరోవియా గ్రామంలో ఇరీనా కోల్యానాను కలిసే సన్నివేశాన్నే చూడండి. ఊరిపెద్ద అయిన ఆమె తండ్రి చనిపోయి శవపేటికలో ఉన్నాడు, ఇల్లు దాడులతో ఛిద్రమై ఉంది, తండ్రి అంత్యక్రియలు జరగనిదే ఆమె అక్కడినుంచి కదలనంటుంది. పేటికను మోసుకుంటూ చర్చికి వెళ్తే, ఆ చర్చి కింది గదిలో పూజారి తన కొడుకును బంధించి ఉంచాడని తెలుస్తుంది, ఆ కొడుకు అప్పటికే రక్తపిశాచిగా మారి ఉంటాడు. ఇక్కడ కత్తి తీయాలా వద్దా అన్నదానిపై మా బృందం ఒక సెషన్‌లో చాలా భాగం వాదించుకుంది. ఇటువంటి ఘట్టాలు ఆ పుస్తకం పొడుగునా ఉన్నాయి.

టారోకా కార్డుల సంగతి కూడా చెప్పాలి. మేడం ఈవా అనే జోస్యురాలు కార్డులు తీసినప్పుడు, స్ట్రాడ్‌ను ఎదిరించడానికి కావలసిన మూడు వస్తువులు ఎక్కడ దాగి ఉన్నాయో, ఆటగాళ్ళకు తోడు నిలిచేది ఎవరో, కోటలో ఏ చోట స్ట్రాడ్ ఎదురవుతాడో నిర్ణయమవుతాయి. ఒక బృందం ఆడిన కథ మరొక బృందానికి అచ్చంగా పునరావృతం కాకపోవడానికి కారణం ఇదే.

నా షరతులు రెండు. ఫాండాలిన్ పాత్రలను ఇక్కడికి తీసుకురావద్దు. వాళ్ళకు ఆ ఊరితో ఉన్న అనుబంధాన్ని పొగమంచు తెంచేస్తుంది, అది ఆటగాళ్ళకు శిక్షలా అనిపిస్తుంది. మూడో లెవెల్‌లో కొత్త పాత్రలతో మొదలుపెడితే, ఒకటో లెవెల్ బృందాలను నిర్దాక్షిణ్యంగా చంపే డెత్ హౌస్ అనే తొలి ఘట్టాన్ని వదిలేయవచ్చు. రెండోది, పుస్తకం కొనేముందే ఆటగాళ్ళతో విషయం గురించి మాట్లాడండి. ఒక మంత్రగత్తెల స్థావరంలో పిల్లలకు జరిగే దారుణం చాలామందిని కలచివేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆటగాడు మీ బృందంలో ఉంటే ఆ భాగాన్ని మార్చడమో తీసేయడమో మంచిది, దానివల్ల మూలకథ దెబ్బతినదు.

మూడవ సమాధానం

పై ఇద్దరూ వివరంగా రాశారు కనుక మిగిలిన రెండు పుస్తకాల గురించి మాత్రమే రాస్తాను.

‘టూంబ్ ఆఫ్ యానిహిలేషన్’ 2017 నాటిది. ఛుల్ట్ అడవుల్లో దారి వెతుక్కుంటూ సాగే ప్రయాణం, మంచినీళ్ళు, కీటకాల బెడద, దారితప్పే ప్రమాదం, పోర్ట్ న్యాంజారూలో డైనోసార్ల పరుగు పందేలు, వీటిని ఇష్టపడేవారికి అది అద్భుతమైన పుస్తకం. అయితే కథలో ఒక వైరుధ్యం ఉంది. మరణశాపంవల్ల, గతంలో చనిపోయి తిరిగి బతికించబడినవారంతా రోజురోజుకూ క్షీణిస్తుంటారు కనుక తొందరపడాలని కథ చెబుతుంది. అడవిమాత్రం తీరిగ్గా తిరిగి చూడమంటుంది. ఆ రెంటినీ సమన్వయం చేయడం డీఎం బాధ్యత అవుతుంది. అన్నిటికీ మించి, దాని ముగింపు ఆరు అంతస్తుల సమాధి, అడుగడుగునా ప్రాణాంతకమైన ఉచ్చులు. వేవ్ ఎకో గుహకే విసుగుపడ్డ ఆటగాళ్ళకు దీన్ని నేను సిఫారసు చేయను.

2023లో వచ్చిన ‘ఫాండెల్వర్ అండ్ బిలో’లో మొదటి సగం మీరు ఆడేసిన కథే, కొద్ది మార్పులతో ఉంటుంది. మీకు పనికొచ్చేది రెండో సగమే, అందులోనూ భూగర్భ మార్గాలు, మైండ్ ఫ్లేయర్లు అనే వికృత జీవుల స్థావరాలే ఎక్కువ. ఫాండాలిన్ మీద మమకారంతో మీరు దాన్ని కొనవచ్చుగాని, సగం పుస్తకం మీ దగ్గర ఇప్పటికే ఉందన్న సంగతి గుర్తుంచుకోండి.

మీ జాబితాలో లేని ఒకదాన్ని ప్రస్తావిస్తాను. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ పదమూడు విడి కథల సంపుటం, ఒకటి నుంచి పద్నాలుగో లెవెల్ వరకు ఒక్కో లెవెల్‌కు దాదాపు ఒక్కో కథ. ఐదో లెవెల్ కథతో నేరుగా మొదలుపెట్టవచ్చు, ఒక్కో కథ కొన్ని సెషన్లలో ముగుస్తుంది. ఒక వారం డల్లాస్ మిత్రుడు రాలేకపోయినా కథ తెగదు, నెల రోజులు ఆట ఆగిపోయినా మళ్ళీ అందుకోవడం తేలిక. తొమ్మిదో లెవెల్‌కు ఉద్దేశించిన ‘ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష’ను కోల్‌కతాకు చెందిన రచయిత్రి మిమి మండల్ రాశారు. నదులతో నిండిన ఆ శంఖభూమి బెంగాల్ డెల్టాను తలపిస్తుంది. గోదావరి లంకల్లో పెరిగిన నాకు, పడవల మీద సాగే ఆ కథలో ఊళ్ళను, రేవులను తెలుగులో వర్ణించడానికి ఒక్క క్షణం తడుముకోవలసిన అవసరం రాలేదు. యూరప్ కోటల గురించి చెప్పేటప్పుడు నాకు అంత సులువుగా మాట పెగలదు. మీ ఆట తెలుగులోనే నడుస్తుందన్నారు కనుక ఈ విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న ఆటగాళ్ళతో, కథా రహస్యాలు చెప్పకుండా, వాతావరణం గురించి మాత్రం మాట్లాడాను. ఇద్దరికి చిన్నపిల్లలున్నారు, భయానక కథ ఇప్పుడు వద్దని ఇద్దరూ అన్నారు, కనుక ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. రెండవ సమాధానం ఇచ్చినవారు హెచ్చరించకపోతే ఆ సంభాషణ జరిగేదే కాదు. విడి కథల సంపుటం నాకు వ్యక్తిగతంగా చాలా నచ్చింది, కాని మా వాళ్ళకు కావలసింది ఒకే పెద్ద కథ, పైగా ఫాండాలిన్ పాత్రలను వదలడానికి ఎవరికీ మనసు రావడం లేదు.

అంటే మిగిలింది ‘స్టార్మ్ కింగ్స్ థండర్’. ట్రైబోర్ దాడి గురించి చదివినప్పుడే నా మనసు అటు మొగ్గింది. అయితే మూడో అధ్యాయం గురించి వచ్చిన అభ్యంతరం నన్ను భయపెడుతోంది. తీరిక తక్కువైన డీఎం దాన్ని ఎలా నడపాలి? అలాగే, మా దగ్గర 2024లో వచ్చిన కొత్త నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఉంది. పాత పుస్తకం దానితో కలిసి నడుస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండో ప్రశ్నకు సమాధానం చిన్నది. 2014 నియమాలకు రాసిన అడ్వెంచర్లు 2024 నియమాలతో నడుస్తాయి. కొత్త పాత్రలు కొంత బలంగా ఉంటాయి కనుక పోరాటాల్లో అనుచరుల సంఖ్యను కాస్త పెంచుకుంటే సరిపోతుంది.

మూడో అధ్యాయం గురించి రెండవ సమాధానంలో రాసిన అభ్యంతరం పూర్తిగా సమంజసమైనది. ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి మొత్తం సిద్ధం చేసుకుందామని కూర్చుంటే ఎవరికైనా నీరసం వస్తుంది. అలా చేయవద్దు. ట్రైబోర్ దాడిలో బతికి బయటపడ్డ ఊరివాళ్ళు అప్పగించే పనులేమిటో ముందు చూడండి. వాటిలో మీ ఆటగాళ్ళకు బాగా నచ్చిన మనిషి చెప్పే పనులను రెండో మూడో ఎంచుకోండి. ఆ పనులు ఏ ఊళ్ళకు తీసుకెళ్తాయో ఆ ఊళ్ళ పేజీలను మాత్రమే చదవండి, మిగతా పట్టికను అవసరం పడినప్పుడు తెరిచే నిఘంటువులా అల్మారాలో ఉంచండి. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణాన్ని రోజుల లెక్కన ఆడించకుండా, దారిలో ఒక్క సంఘటన పెట్టి ముగించండి. ఆ సంఘటన రాక్షసకాయుల గురించి ఏదో ఒక కొత్త విషయాన్ని చెప్పేదిగా ఉండాలి: ఉదాహరణకు వాళ్ళ జాతుల మధ్య తరతరాలుగా ఉన్న హోదాల వరుస, అంటే ఆర్డ్‌నింగ్, ఛిన్నాభిన్నమైందన్న వార్త. ఈ వార్త ఆలస్యంగా తెలిస్తే ఆటగాళ్ళకు తాము ఎందుకు తిరుగుతున్నామో అర్థం కాదు. ఈ పుస్తకంపై వచ్చే విమర్శల్లో సగానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

హార్ష్‌నాగ్ అనే మంచు జాతి రాక్షసకాయుడు ఆటగాళ్ళతో చేరి, వాళ్ళను ఐ ఆఫ్ ది ఆల్-ఫాదర్ అనే ఆలయానికి తీసుకెళ్తాడు. అతడు రాగానే కథకు దిశ ఏర్పడుతుంది, కాబట్టి ఆ రెండు మూడు పనులు పూర్తయిన వెంటనే అతన్ని ప్రవేశపెట్టండి. అతడు ఆటగాళ్ళకంటే చాలా బలవంతుడు. పోరాటాల్లో పెద్ద శత్రువుతో అతను తలపడుతుండగా మిగతా శత్రువులను ఆటగాళ్ళకు వదిలేస్తే, వాళ్ళ ప్రాధాన్యం తగ్గదు.

ఆలయం తరువాత ఐదు జాతుల స్థావరాలకు ఐదు అధ్యాయాలున్నాయి, కాని కథ ముందుకు సాగడానికి వాటిలో ఒక్కదానికి వెళ్తే చాలు. పుస్తకంలో నాలుగు అధ్యాయాలు వృథా అవుతున్నాయని కొందరు బాధపడతారు. మీ పరిస్థితిలో అది వెసులుబాటే, ఎందుకంటే మీరు సిద్ధం చేసుకోవలసింది ఒక్క స్థావరమే. ట్రైబోర్‌తో మొదలుపెట్టినవారికి అగ్ని జాతివాళ్ళ స్థావరమైన ఐరన్‌స్లాగ్ సహజమైన గమ్యం. ట్రైబోర్ మట్టిలో పూడుకుపోయిన ఒక పురాతన ఉక్కు బొమ్మ ముక్కకోసమే అగ్ని జాతివాళ్ళు ఆ ఊరిమీదకు వచ్చారు, ఆ ముక్కలన్నిటినీ అతికించాలని చూస్తున్న డ్యూక్ జాల్టో ఉండేది ఐరన్‌స్లాగ్‌లోనే. తాము కాపాడిన ఊరిపై దాడికి కారకుడెవరో మీ ఆటగాళ్ళు అక్కడ ముఖాముఖి చూస్తారు.

చివరగా డల్లాస్ మిత్రుడి విషయం. ట్రైబోర్ దాడిలో ఒకేసారి చాలా చోట్ల పోరాటం జరుగుతుంది, వీడియోలో చూసేవారికి ఎవరు ఎక్కడున్నారో తెలియక చిక్కుపడతారు. ఊరి మ్యాప్‌ను, అతను నడపబోయే ఊరిమనిషి వివరాలను రెండు రోజుల ముందే అతనికి పంపండి. ఏ వీధిని తాను కాపాడాలో అతన్నే నిర్ణయించుకోమనండి.

రెండవ సమాధానం ఇచ్చినవారు

ఈ పద్ధతిలో నడిపితే నా అభ్యంతరం చాలావరకు తీరినట్టే. ఒక్క మాట చేరుస్తాను. మొదటి మూడు సెషన్లలోనే ఎవరో ఒక రాక్షసకాయుడితో ఆటగాళ్ళు కత్తి దూయకుండా మాట్లాడే అవకాశం కల్పించండి. వెనమ్‌ఫాంగ్‌తో బేరమాడిన బృందం మీది. ఈ పుస్తకంలో చివరికి తుఫాను జాతివాళ్ళతో మాట్లాడి, వాళ్ళ రాజు హెకాటన్‌ను వెతికి తేవలసిన పని వస్తుంది. రాక్షసకాయులంటే నరకడానికే ఉన్నారన్న అభిప్రాయం మొదట్లోనే స్థిరపడితే, ఆ ఘట్టానికి వచ్చేసరికి మీ వాళ్ళు మాట్లాడవలసిన చోట ఆయుధాలు తీస్తారు.